వాది చనిపోతే దావా ఏమవుతుంది? వారసులు కేసు కొనసాగించడం ఎలా?

సివిల్ దావా నడుస్తుండగా వాది చనిపోతే కోర్టు ఆ కేసును వెంటనే కొట్టేయదు. అలాగని దానంతట అది నడవదు కూడా. చనిపోయిన వాది స్థానంలో వారసులు రికార్డు మీదికి రావాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 22వ ఆర్డర్ (అంటే కోడ్‌లో ఒక భాగం) చెబుతుంది. అందుకు 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు. ఆ లెక్క మరణించిన తేదీ నుంచే మొదలవుతుంది, కేసు సంగతి వారసులకు తెలిసిన రోజు నుంచి కాదు. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, వాటాలు తేలాక చూద్దాం అనుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ముందు చూడాల్సింది: హక్కు మిగిలి ఉందా?

భూమి, ఇల్లు, పంపకం, అప్పు వసూలు, అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమనే దావాలను వారసులు నడుపుకోవచ్చు. పరువునష్టం దావా వాదితోనే పోతుంది. విడాకుల పిటిషన్ కూడా అంతే. రోడ్డు ప్రమాదంలో గాయపడి క్లెయిమ్ వేసిన మనిషి తర్వాత సంబంధం లేని జబ్బుతో పోయినా, మోటారు వాహనాల చట్టం 166(5) కింద ఆ క్లెయిమ్ వారసులదవుతుంది. 2019 సవరణతో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వినియోగదారుల కమిషన్‌లో ఉన్న ఫిర్యాదుకూ 22వ ఆర్డరే వర్తిస్తుంది. ఇరుపక్షాల వాదనలు ముగిసి, తీర్పు చెప్పేలోపు వాది చనిపోతే కేసు దెబ్బతినదు. ఆ తీర్పు చెల్లుతుంది.

తేదీలు కాగితం మీద రాసుకోండి

జూలై 1న చనిపోయారనుకుందాం. సెప్టెంబరు 29తో 90 రోజులు పూర్తవుతాయి. ఆలోపు వేస్తే వారసులను చేర్చమనే పిటిషన్ ఒక్కటి చాలు. ఆ రోజు దాటితే దావా అబేట్ అవుతుంది, అంటే దానంతట అదే ముగిసిపోతుంది. దానికి జడ్జిగారు వేరే ఆర్డరు రాయాల్సిన పని లేదు. కేసు ఇంకా వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉండటంతో ఈ సంగతి చాలామందికి తెలియదు.

అక్కడి నుంచి ఇంకో 60 రోజులు, అంటే నవంబరు 28 దాకా, అబేట్‌మెంట్‌ను రద్దు చేయమనే పిటిషన్‌ను దానికి జోడించి వేయవచ్చు. అదీ దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని మూడో పిటిషన్ కూడా కావాలి. లెక్క తప్పేది ఇక్కడే. డిసెంబరు 18న వేస్తే ఆలస్యం 20 రోజులు. 91వ రోజు నుంచి లెక్కేసి 80 అని రాస్తే, లేని ఆలస్యానికి కూడా మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

వారసులను చేర్చమన్న పిటిషన్‌లోనే అబేట్‌మెంట్ రద్దు కోరినట్టు భావించవచ్చని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకుండా పిటిషన్లు విడివిడిగా వేయడమే మేలు. ఆలస్యానికి ‘మాకు తెలియదు’ అన్న ఒక్క ముక్క చాలదు. కేసు కట్ట ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు దొరికింది, వకీలును ఎప్పుడు కలిశారు అనేవి తేదీలతో రాయాలి. అబేట్ అయిన దావాను వదిలేసి అదే కారణంతో కొత్త దావా వేయడం కుదరదు.

వారసులందరినీ చూపండి

హిందూ పురుషుడైతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు. ముందే చనిపోయిన కొడుకు భార్యాపిల్లలు, ముందే చనిపోయిన కూతురి పిల్లలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. జాబితాలో తరచూ జారిపోయేది పెళ్లయిన కూతురు, బతికున్న తల్లి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారి వారసత్వ చట్టమే వర్తిస్తుంది.

ఎవరైనా కలిసి రానంటే వారిని ప్రతివాదిగా చూపి ముందుకు వెళ్లండి. ఒక వారసుడు ఇప్పటికే సహవాదిగా ఉన్నా, చనిపోయిన వారి వారసుడు కూడా అతనేనని రికార్డు చేయించాలి. వీలునామా ఉందని మరొకరు అడ్డుపడితే, వారసుడెవరో కోర్టు విచారించి తేలుస్తుంది. కానీ అది ఆ దావా నడపడానికి మాత్రమే. ఆస్తి ఎవరిదన్న తుది తీర్పు కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. కాబట్టి అన్నదమ్ముల తగవు తేలేదాకా పిటిషన్ ఆపుకోవద్దు.

కాగితాలు, పిటిషన్

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధార్ కాపీలు సిద్ధం చేసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేస్తే విచారణకు రోజులు పట్టవచ్చు. అది వచ్చేదాకా ఆగకుండా పిటిషన్ వేసి, పత్రాన్ని తర్వాత దాఖలు చేయండి.

వాది మరణంతో ఆయన వకీలుకు ఇచ్చిన వకాలత్‌నామా (తన తరఫున కేసు నడిపే అధికారపత్రం) ముగుస్తుంది. మరణవార్తను కోర్టుకు చెప్పేంతవరకే పాత వకీలుకు బాధ్యత ఉంటుంది. అందుకే వారసులంతా కొత్త వకాలత్‌నామా మీద సంతకం చేయాలి. మైనర్లుంటే సంరక్షకుడి ద్వారా చేర్చాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కొడుకు భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. అతని కోసం గడువు పోగొట్టుకోకుండా ఇక్కడున్నవాళ్లు ముందు పిటిషన్ వేసి, అతని పేరు అందులో చూపండి.

అఫిడవిట్‌లో మరణ తేదీ, ఊరు, ప్రతి వారసుడి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా ఉండాలి. మరణ తేదీ ధ్రువపత్రంలో ఒకలా, అఫిడవిట్‌లో ఇంకోలా ఉంటే పిటిషన్ రిటర్న్ అవుతుంది, అంటే సరిచేసుకు రమ్మని వెనక్కి ఇచ్చేస్తారు.

ఆర్డరు వచ్చాక

‘అలవ్డ్’ (పిటిషన్ మంజూరైంది) అన్న మాట వినగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ ఆర్డరు ప్రకారం దావా కాగితంలో కాజ్ టైటిల్ (వాది, ప్రతివాదుల పేర్లుండే తలభాగం) సవరించి, వారసులను 2, 3, 4 నంబర్ల వాదులుగా చూపి, శుభ్రమైన కాపీ దాఖలు చేయాలి. ఆర్డరులో గడువు చెప్పకపోతే అందుకు 14 రోజులు. ఇది చేయకపోతే డిక్రీలో (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే అమలు చేయదగ్గ ఉత్తర్వులో) చనిపోయిన మనిషి పేరే మిగిలి, అమలు దశలో చిక్కు వస్తుంది.

వారసులు పాత దావాకు విరుద్ధమైన కొత్త వాదన తేలేరు. చనిపోయినవారు చీఫ్ అఫిడవిట్ (తమ సాక్ష్యాన్ని రాతపూర్వకంగా) ఇచ్చి, క్రాస్ పరీక్షకు (ఎదుటి వకీలు ప్రశ్నలకు) ముందే పోతే, ఆ సాక్ష్యం మీద ఆధారపడకుండా విషయం తెలిసిన వారసుడు కొత్తగా సాక్ష్యం ఇవ్వాలి.

డబ్బు దావాల్లో ఇంకో మెలిక ఉంది. చనిపోయిన వ్యక్తికి రావాల్సిన అప్పు మీద వారసుడికి డిక్రీ ఇవ్వాలంటే సక్సెషన్ సర్టిఫికెట్ (బాకీలు వసూలు చేసుకునే హక్కు వారసుడిదని కోర్టు ఇచ్చే పత్రం) చూపాలని భారత వారసత్వ చట్టం సెక్షన్ 214 కింద ప్రతివాది అడ్డు చెబుతాడు. ప్రామిసరీ నోటు దావా అయితే దానికి దరఖాస్తు వెంటనే పెట్టుకోండి. అప్పీలులోనూ ఈ 90 రోజుల నియమమే ఉంటుంది. డిక్రీని అమలు చేయించమనే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌కు మాత్రం అబేట్‌మెంట్ లేదు. అక్కడ వారసులు మెమో లేదా పిటిషన్‌తో రికార్డు మీదికి వచ్చి అమలు కొనసాగించవచ్చు.