బ్యాంకాక్ వెళ్తున్నారా? డబ్బు మార్చే ముందు ఇది చూడండి

టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడి, ఆ మిగిలిన డబ్బంతా కరెన్సీ మార్చుకోవడంలో పోగొట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. మొదటిసారి నేనూ అంతే.

థాయ్‌లాండ్ ఏటీఎంలో మన కార్డు పెడితే ఒక్కోసారికి 200 బాట్లకు (బాట్ అక్కడి కరెన్సీ) పైనే ఫీజు పడుతుంది. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. కాబట్టి కొంచెం కొంచెంగా తీయకండి. చివర్లో స్క్రీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది, రూపాయల్లోకి మార్చి లెక్కకట్టమంటారా అని. ఎంత కట్ అవుతుందో రూపాయల్లో కనిపిస్తుంది కదా, మనకేదో మేలు చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ రేటు ఏటీఎం వాళ్లిష్టం, మనకే నష్టం. 'వితౌట్ కన్వర్షన్' నొక్కండి. డబ్బులు రావేమోనని టెన్షన్ అక్కర్లేదు, వస్తాయి. షాపులో కార్డు గీకేటప్పుడు కూడా బాట్లలోనే తీసుకోమనండి.

నగదు పట్టుకెళ్తే 100 డాలర్ల నోట్లే మంచిది. మడతలు, పెన్ను గీతలు లేకుండా చూసుకోండి. చిన్న నోట్లకు అక్కడ రేటు తగ్గిస్తారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే ఎదురయ్యే కౌంటర్ల దగ్గర ఆగకండి. కింద, సిటీకి వెళ్లే రైలు ఎక్కేచోట ఉన్న కౌంటర్లలో రేటు చాలా మెరుగు. రెండు అంతస్తులు దిగాలి, అంతే.

అన్నట్టు, 2020 నుంచి కొత్త కార్డులకు విదేశీ వాడకం ఆఫ్ చేసే ఇస్తున్నారు. ఇంట్లో ఉన్నప్పుడే యాప్‌లో ఆన్ చేసుకోండి. అక్కడికెళ్లాక ఆన్ చేద్దామనుకుంటే, మన సిమ్‌కి ఓటీపీ రాకపోతే మెషిన్ ముందు దిక్కులు చూడాల్సిందే.