వేసవి ముందంచనా చదవడం – 4వ పాఠం: గుడ్‌ల్యాండ్ మీద పడిన రంగు ఎంత చెబుతుంది?

గత పాఠంలో 1991 నుంచి 2020 వరకు గడిచిన 30 వేసవులను సగటు ఉష్ణోగ్రతను బట్టి వరుసగా పేర్చి, పదేసి చొప్పున మూడు వాటాలు చేశాము. అన్నిటికంటే చల్లని పది వేసవులు కింది వాటా, అన్నిటికంటే వేడి పది వేసవులు పై వాటా, మిగిలినవి మధ్య వాటా. రాబోయే వేసవి గురించి మనకు ఏమీ తెలియనప్పుడు అది ఏ వాటాలో పడేందుకైనా అవకాశం 33.3 శాతమే ఉంటుందన్నది అక్కడ తేల్చుకున్న విషయం. ఈ పాఠంలో ఆ వాటాలను దగ్గర పెట్టుకుని, ఒక చిన్న ఊరికి సంబంధించిన ముందంచనాను మొదటి నుంచి చివరి వరకు చదివి, దానిని ఆ ఊరివారికి పనికివచ్చే నాలుగు వాక్యాలుగా రాయడం నేర్చుకుందాము.

మనం తీసుకుంటున్న ఊరు గుడ్‌ల్యాండ్. ఇది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో వాయవ్య మూలన, కొలరాడో సరిహద్దుకు 20 మైళ్ళలోపు దూరంలో ఉంది. జనాభా 4,500కు మించదు. డెన్వర్, కాన్సస్ సిటీల మధ్య ఐ–70 రహదారి మీద కారులో ప్రయాణించిన తెలుగువారికి 80 అడుగుల ఎత్తున్న చట్రం మీద నిలబెట్టిన, చిత్రకారుడు వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రపు నకలు గుర్తుండే ఉంటుంది. ఆ నకలు ఉన్నది ఈ ఊరిలోనే. చుట్టూ కనుచూపు మేర చదునుగా కనిపించినా, ఊరు సముద్రమట్టానికి 3,700 అడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంది. రాకీ పర్వతాల పాదాల నుంచి తూర్పుకు మెల్లగా వాలుతూ వచ్చే హై ప్లెయిన్స్ మైదానంలో ఇది ఒక భాగం. పర్వతాల వర్షచ్ఛాయలో ఉండడం వల్ల ఏడాది మొత్తానికి 18 నుంచి 20 అంగుళాల వర్షమే కురుస్తుంది. అంటే అనంతపురానికి కురిసేదానికంటే కొంచెం తక్కువే. అందులో ఎక్కువ భాగం ఏప్రిల్–సెప్టెంబరు మధ్య, అదీ ఉరుముల వానలుగా పడుతుంది. జూలైలో మధ్యాహ్నం 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, గాలి పలుచగా పొడిగా ఉండడం వల్ల తెల్లవారుజాముకు 60 డిగ్రీల చుట్టుపక్కలకు దిగిపోతుంది.

ఇప్పుడు మ్యాపు దగ్గరికి వద్దాము. అమెరికా ప్రభుత్వ సంస్థ క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ ప్రతి నెలా మూడో గురువారం నాడు రాబోయే మూడేసి నెలల కాలాలకు ముందంచనాలు విడుదల చేస్తుంది. మే నెలలో వచ్చే మ్యాపులలో మొదటిది జూన్–జూలై–ఆగస్టులది. మనకు కావలసింది అదే. ఉష్ణోగ్రత మ్యాపులో నారింజ, ఎరుపు ఛాయలు పై వాటాకు, నీలం కింది వాటాకు, బూడిద రంగు మధ్య వాటాకు మొగ్గును చూపుతాయి. తెల్లగా వదిలేసిన చోట మూడు వాటాలకూ సమాన అవకాశాలు. వర్షపాతం మ్యాపులో ఆకుపచ్చ ఎక్కువ వానకు, గోధుమ రంగు తక్కువ వానకు గుర్తు. తెలుపును చూసి "మామూలు వేసవి వస్తుంది" అని చదవడం చాలామంది చేసే పొరపాటు. ఎటు మొగ్గాలో చెప్పగల ఆధారం తమ దగ్గర లేదని ముందంచనా వేసినవారు ఒప్పుకున్నారని మాత్రమే దాని అర్థం. వర్షపాతం మ్యాపులో గుడ్‌ల్యాండ్ ఉన్న చోటు ఇలా తెల్లగా ఉండడం కొత్తేమీ కాదు.

ఉదాహరణకు ఉష్ణోగ్రత మ్యాపులో గుడ్‌ల్యాండ్ మీద 40 శాతం అని రాసిన నారింజ రంగు పడిందనుకుందాము. ఇక్కడ మొదట చేయవలసిన పని మిగిలిన రెండు అంకెలను రాబట్టడం. ఈ సంస్థ పాటించే పద్ధతిలో పై వాటాకు అదనంగా ఇచ్చిన అవకాశాన్ని కింది వాటాలోంచి తీసివేస్తారు, మధ్య వాటాను 33.3 దగ్గరే ఉంచుతారు. 40లోంచి 33.3 తీసివేస్తే 6.7, దానిని కింది వాటాకున్న 33.3లోంచి తీసివేస్తే 26.7 (33.3 అన్నది 33.33…కు కుదింపు కనుక 26.6 కాదు). కనుక మన ముందంచనా పూర్తిరూపం 26.7, 33.3, 40. కింది వాటా 3.3కు దిగేవరకు ఈ లెక్క ఇలాగే నడుస్తుంది. ఆ తరువాతే మధ్య వాటాకు కోత మొదలవుతుంది. అందువల్ల 70 శాతం రాసిన చోట 3.3, 26.7, 70 అని చదవాలి.

ఈ మూడు అంకెలను కాగితం మీద పక్కపక్కన రాసుకుని ఒకసారి చూడండి. మ్యాపు నిండా నారింజ రంగు పులిమి ఉన్నా, గుడ్‌ల్యాండ్ వేసవి అన్నిటికంటే చల్లని వాటాలో పడేందుకు నాలుగింట ఒక వంతుకు మించి అవకాశం ఇంకా మిగిలే ఉంది. పై వాటాలో పడకపోయే అవకాశం 60 శాతం. "ఈ వేసవి మండిపోతుంది" అనే వార్తా శీర్షికకు, ఈ అంకెలకు పొంతన లేదు.

ఇదే విషయాన్ని డిగ్రీలలో చెప్పగలమా? చెప్పవచ్చు, కానీ దానికి వేసవి సగటు ఏడాదికేడాది ఎంత ఊగుతుందో తెలియాలి. ఆ ఊగుడుకు కొలత అయిన ప్రామాణిక విచలనం మూడు నెలల సగటుకు 2 డిగ్రీల ఫారెన్‌హీట్ అని లెక్క కోసం అనుకుందాము. ఉష్ణోగ్రతలు గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయనుకుంటే, పై వాటా సగటుకు 0.43 విచలనాల పైన మొదలవుతుంది. దానిని దాటే అవకాశం 33.3 నుంచి 40కి పెరగాలంటే వక్రరేఖ మొత్తం సుమారు 0.18 విచలనాలు కుడివైపుకు జరగాలి. 2 డిగ్రీలతో గుణిస్తే వచ్చేది 0.36 డిగ్రీ. అవకాశం 50 శాతమైతే జరగవలసింది 0.43 విచలనాలు, అంటే 0.9 డిగ్రీ దాకా. తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీల తేడా మామూలుగా ఉండే ఊరిలో, మూడు నెలల సగటు మూడోవంతు డిగ్రీ జరగడాన్ని ఎవరి ఒళ్ళూ గుర్తించలేదు. అలాగని అది పనికిరాని సమాచారం కాదు. ఏళ్ళ తరబడి విద్యుత్తు కొనుగోలు చేసే సంస్థకో, బీమా లెక్కలు కట్టేవారికో ఆ మాత్రం మొగ్గు డబ్బు రూపంలో కనిపిస్తుంది. ఒక్క వేసవిని ఒక్కసారే గడిపే మనిషికి మాత్రం అది చాలా చిన్న సంకేతం.

ఈ మొగ్గు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కారణం బలాన్ని బట్టే ముందంచనాను ఎంత నమ్మాలో నిర్ణయించుకోగలము. తెలుగు పాఠకులకు వెంటనే తట్టేది ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాల నీరు మామూలుకంటే వేడెక్కడం. మన నైరుతి రుతుపవనాలకు దానితో గట్టి సంబంధమే ఉంది. 2002, 2009, 2015 సంవత్సరాలలో ఎల్ నినోతో పాటు వర్షాభావం వచ్చింది, 1997లో బలమైన ఎల్ నినో ఉండి కూడా దేశంలో వర్షాలు సాధారణంగానే పడ్డాయి. ఈ అలవాటు కొద్దీ కాన్సస్ వేసవికి కూడా పసిఫిక్ మహాసముద్రం వైపే చూస్తే తప్పుదోవ పడతాము. అమెరికా మీద ఎల్ నినో, లా నినాల (ఆ నీరు చల్లబడే దశ) ప్రభావం ప్రధానంగా శీతాకాలానిది. వేసవిలో జెట్ స్ట్రీమ్ అనే, చాలా ఎత్తులో వేగంగా వీచే గాలుల ప్రవాహం బలహీనపడి ఉత్తరాన కెనడా వైపుకు జరిగిపోతుంది కాబట్టి, ఆ సముద్రం చెప్పే మాట హై ప్లెయిన్స్‌కు చేరేసరికి చాలావరకు చెదిరిపోతుంది. దీనికి తోడు, వసంతకాలంలో వేసే ఎల్ నినో అంచనాలే ఏడాదిలో మిగతా నెలలలో వేసినవాటికంటే బలహీనంగా ఉంటాయి.

గుడ్‌ల్యాండ్ వంటి చోట ఇంతకంటే దగ్గరి ఆధారాలు రెండున్నాయి. మొదటిది దశాబ్దాలుగా సాగుతున్న వేడిమి ధోరణి. రెండవది నేలలోని తేమ, నా దృష్టిలో ఊరివారు చూడవలసింది దీనినే. నేల మీద పడిన సూర్యరశ్మిలో కొంత నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది, మిగిలినది గాలిని వేడెక్కిస్తుంది. మే చివరికి నేల ఎండిపోయి ఉంటే ఆవిరి చేయడానికి నీరుండదు గనుక ఆ శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. వేడి పెరిగేకొద్దీ నేల ఇంకా ఎండుతుంది. నేల తడిగా ఉన్న ఏడాది ఈ చక్రం ఆలస్యంగా మొదలవుతుంది, లేదా మొదలే కాదు.

వర్షం సంగతి వేరు. గుడ్‌ల్యాండ్ వేసవి వానలో చాలా భాగం కొద్ది గంటల పనిగా పడిపోతుంది. మధ్యాహ్నం రాకీల పాదాల దగ్గర, డెన్వర్‌కు దక్షిణాన ఉన్న పామర్ డివైడ్ అనే మిట్ట మీద మేఘాలు పైకి లేస్తాయి. అవి తూర్పుకు కదులుతూ సాయంత్రానికో రాత్రికో కాన్సస్ సరిహద్దు దాటుతాయి. రాత్రివేళ మెక్సికో గల్ఫ్ వైపు నుంచి నేలకు కొంత ఎత్తులో వేగంగా వీచే దక్షిణపు గాలి తేమను మోసుకొచ్చి వాటికి అందిస్తుంది. ఒక సెక్షన్‌లో, అంటే చదరపు మైలు విస్తీర్ణంలో, గోధుమ చేను వడగళ్ళకు నేలమట్టమైపోతే, మట్టిరోడ్డు అవతలి సెక్షన్‌లో కంకులు నిటారుగా నిలబడి ఉండడం ఇక్కడ వింత కాదు. గుడ్‌ల్యాండ్‌కు పడమరగా, కొలరాడోలోని బెథూన్ దగ్గర 2019 ఆగస్టు 13న పడిన వడగల్లు 4.83 అంగుళాల వ్యాసంతో అప్పటికి ఆ రాష్ట్రపు రికార్డుగా నమోదైంది. ఇటువంటి తుఫాను ఏ సెక్షన్ మీదుగా వెళుతుందో ఆ సాయంత్రం దాకా తెలియదు. మే నెలలో వేసిన మూడు నెలల మ్యాపు దానిని చెప్పాలని ఆశించడం అన్యాయం. ఒకే ఒక్క గట్టి వాన సీజను మొత్తాన్ని కింది వాటా నుంచి మధ్య వాటాకు లాగేయగలదు.

మ్యాపు తప్పిన సందర్భాన్ని కూడా చూడాలి. 2012 మే నుంచి ఆగస్టు వరకు అమెరికా నడిమి మైదానాలను కాల్చేసిన కరవును ఆ వసంతంలో వేసిన ముందంచనాలు పట్టుకోలేదు. దాన్ని నడిపించిన బలమైన సముద్ర సంకేతం ఏదీ లేదని, వర్షం తెచ్చే వాతావరణ వ్యవస్థలు ఆ నెలలలో రాకపోవడమే ప్రధాన కారణమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కొన్ని వేసవులకు ముందస్తు ఆనవాళ్ళు ఉండవు.

మూడు నెలల సగటు దాచేసే ఇంకొక విషయం పంటల కాలం. ఇక్కడ శీతాకాలపు గోధుమ కోత జూన్ చివర మొదలై జూలై మధ్యకల్లా ముగుస్తుంది. అంటే జూన్–ఆగస్టు ముందంచనాలో సగానికి పైగా గోధుమ రైతుకు సంబంధం లేనిది. మొక్కజొన్నకు జూలైలో కండెలకు పీచు, మొక్క కొనకు జల్లు పూత వచ్చే రోజులు ప్రాణం వంటివి. పొద్దుతిరుగుడు ఆగస్టులో పూస్తుంది. మొత్తం వర్షం మధ్య వాటాలోనే ఉన్నా, అదంతా జూన్ మొదట్లో పడి జూలై ఎండిపోతే, ఈ మైదానం కింద ఉన్న ఓగలాలా భూగర్భ జలంతో నీరు పెట్టుకునే వసతి లేని మొక్కజొన్న రైతుకు ఆ "సాధారణ" వేసవి నష్టమే మిగులుస్తుంది.

ఇక రాద్దాము. మన ఉదాహరణలో ఉష్ణోగ్రతకు 40 శాతం పై వాటా, వర్షానికి సమాన అవకాశాలు. నేను రాసేది ఇలా ఉంటుంది: "గుడ్‌ల్యాండ్‌లో జూన్–ఆగస్టు సగటు ఉష్ణోగ్రత 1991–2020 వేసవులలోని వేడి వాటాలో పడేందుకు 40 శాతం, మధ్య వాటాలో పడేందుకు 33 శాతం, చల్లని వాటాలో పడేందుకు 27 శాతం అవకాశం ఉంది. వర్షం ఎటు మొగ్గుతుందో చెప్పగల ఆధారం ప్రస్తుతం లేదు. మే చివర నేల తేమ తక్కువగా ఉంటే వేడి వైపు మొగ్గు ఇంకొంత పెరుగుతుంది. వడగళ్ళ గురించి, ఏ ఒక్క రోజు గురించి ఈ ముందంచనా ఏమీ చెప్పదు." ఇందులో "బహుశా", "దాదాపు ఖాయం" వంటి మాటలు లేకపోవడాన్ని గమనించండి, అంకె ఉన్నప్పుడు ఆ మాటలు దానిని మసకబారుస్తాయి.

అభ్యాసానికి: ఉష్ణోగ్రత పై వాటాకు 45 శాతం, వర్షం కింది వాటాకు 36 శాతం అని మ్యాపులో ఉందనుకుని రెండింటికీ మిగిలిన అంకెలు రాబట్టండి. ఉష్ణోగ్రతకు 21.7, 33.3, 45 రావాలి. వర్షానికి కింది వాటా నుంచి మొదలుపెట్టి 36, 33.3, 30.7 రావాలి, ఇక్కడ కోత పడేది పై వాటాకు. తరువాత పైన చెప్పిన పద్ధతిలో నాలుగు వాక్యాలు రాసి, తేదీ వేసి భద్రపరచండి. సెప్టెంబరు మొదటి వారంలో, గుడ్‌ల్యాండ్‌లోనే ఉన్న నేషనల్ వెదర్ సర్వీస్ కార్యాలయం ప్రకటించే మూడు నెలల అంకెలతో పోల్చి, వేసవి ఏ వాటాలో పడిందో పక్కన రాయండి. ఒక్క ఏడాది ఫలితంతో ముందంచనా ఒప్పో తప్పో తేలదు. 40 శాతం అన్న సందర్భాలు చాలా పోగుచేసి, వాటిలో సుమారు 40 శాతం నిజంగా పై వాటాలో పడ్డాయా అని చూడాలి. వచ్చే పాఠంలో ప్రతి గురువారం వెలువడే అమెరికా కరవు మ్యాపును తీసుకుని, డీ0 నుంచి డీ4 వరకు ఉన్న దాని మెట్లను ఇదే నోటుపుస్తకంలోకి ఎలా ఎక్కించాలో చూద్దాము.