కెనడా వెళ్తున్న మన సిక్కోలు (శ్రీకాకుళం) పిల్లలకు: చర్చి సంగతులు కొన్ని

కాల్గరీలో ఏడేళ్ళుండి సోంపేట తిరిగొచ్చాను. మా వైపు నుంచి చదువుకో, నర్సు ఉద్యోగానికో కెనడా బయలుదేరే పిల్లలు ఇంటికొచ్చి అడిగేది చలి గురించే. దానికి చెప్పాల్సింది తక్కువ. కోటు ఇక్కడ కొనకండి, ఇక్కడి కోటు అక్కడి చలికి ఆగదు. చాలా చర్చిల్లో వాడిన కోట్లు, గిన్నెలు, మంచాలు ఇస్తారు, మొహమాటపడకండి. దిగిన వారంలోనే సిన్ నంబరు (అక్కడ ఉద్యోగం చేయాలంటే ఉండాల్సిన ప్రభుత్వ నంబరు), ఆరోగ్య కార్డు పని చూసుకోండి. ఆ నంబరు అడిగే ఫోన్లు వస్తే పెట్టేయండి.

నేను తడబడింది చర్చిలో.

మొదటి ఆదివారమే ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని "చికకోల్ తెలుసా?" అని అడిగింది. తెలీదన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. బస్సెక్కాక వెలిగింది, అది మన సిక్కోలే, దొరల నోట్లో అలా తిరిగింది! కెనడా బాప్టిస్టులు, అంటే ఆ క్రైస్తవ శాఖ మిషనరీలు, 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, సోంపేట దాకా వచ్చారు. మన ఊళ్ళ పేర్లు అక్కడి పెద్దవాళ్ళు కొందరికి చిన్నప్పటినుంచీ తెలుసు. కాల్గరీకైతే మన ఊరితో ఇంకా దగ్గరి బంధం. సోంపేటలో కంటి ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గలిసన్ మాటలు విని, ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే కంటి వైద్య సేవా సంస్థ మొదలుపెట్టింది కాల్గరీలోనే.

ఇవి వింటుంటే మనం సాయం పుచ్చుకున్నవాళ్ళ పిల్లలమన్న బెరుకు పట్టుకుంటుంది. నాకూ పట్టింది. కానీ కాకినాడలో వాళ్ళకంటే ముందే పని మొదలుపెట్టింది థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. కెనడా వాళ్ళను సాయానికి పిలిచిందీ ఆయనే. అడిగినవాళ్ళకు ఆ మాట కూడా చెప్పండి, తల వంచుకోకుండా.

అందరూ వండుకొచ్చి పంచుకునే పాట్‌లక్ భోజనానికి పలాస జీడిపప్పు దట్టంగా వేసి ఉప్మా పట్టుకెళ్ళాను. తలుపు దగ్గరే ఆపేశారు. అక్కడ కొందరు పిల్లలకు జీడిపప్పు, బాదం లాంటివి పడవు, తింటే ప్రాణం మీదికే వస్తుంది. ముందు అడిగి వండుకోండి.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. "మీ ఊళ్ళో పేదలకు ఇవ్వండి" అని ఎవరైనా చెక్కు మీ పేర రాయబోతే తీసుకోవద్దు. మన సేవా సంస్థలు విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు మళ్ళించడానికి కూడా లేదు. మీరు భారత పౌరులుగా ఉండి సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక వస్తుంది. ఇక డబ్బు పంపిన కెనడా వాళ్ళు బిల్లులు, ఫొటోలు, రిపోర్టులు అడుగుతూనే ఉంటారు. మా పాస్టరుగారు "మనమీద నమ్మకం లేదేటి?" అని నొచ్చుకునేవారు. నమ్మకం సంగతి కాదండి, డబ్బు ఏ పనికి వెళ్ళిందో చూపించాలని అక్కడి పన్ను చట్టమే అడుగుతుంది.

మన ఊరి గురించి మాట్లాడమంటే కన్నీళ్ళ కథ చెప్పాలనిపిస్తుంది, చెబితే డబ్బూ వస్తుంది. నేనొకసారి అలాగే చెప్పి, తర్వాత సిగ్గుపడ్డాను. మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు నిజం, దానికి అసలు కారణం ఇంకా తేలకపోవడమూ నిజం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ప్రభుత్వ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారన్నదీ చెప్పాలి కదా. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకు ఆటో ఖర్చు, తోడు వెళ్ళే మనిషి పోగొట్టుకునే కూలి, ఇవి చెప్పండి.

కెనడా వాళ్ళు మన ఊరొచ్చి చూస్తామంటే జనవరి చెప్పండి. అక్టోబరు వద్దు, 2018లో తిత్లీ తుపాను మనమీద పడింది ఆ నెలలోనే. టూరిస్టు వీసా మీద వచ్చి మత ప్రచారం చేయడం కుదరదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఈ మాట టికెట్లు కొనకముందే చెవిన వేయండి.