స్టీరింగ్‌కు మెరుపు పూయకండి: ఎండలు ముదరకముందే లెదర్ సీట్ల జాగ్రత్తలు

గత నెలలో మా కాలనీ మలుపు దగ్గర ఒక కారు డివైడర్ ఎక్కింది. నడుపుతున్నావిడ మణికట్టు విరిగింది. వేగం లేదు, రోడ్డు తడిగా లేదు, ఎదురుగా బండీ రాలేదు. వెనక్కి మళ్లడానికి స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పుతుండగా అరచెయ్యి జారింది, చక్రం దానంతటదే వెనక్కి తిరిగిపోయింది. ఆ రోజు పొద్దున్నే కారు వాషింగ్‌కు వెళ్లి వచ్చింది. అక్కడ డ్యాష్‌బోర్డుకు కొట్టే స్ప్రేనే సీట్లకు, స్టీరింగ్‌కు, చివరికి బ్రేకు పెడల్‌కు కూడా కొట్టి తళతళలాడించి పంపారు. కార్ల లోపలి పనే నా జీవనాధారం కాబట్టి తరవాత ఆ కారు నా దగ్గరికే వచ్చింది. స్టీరింగ్ పట్టుకుని చూస్తే వేలికి జిడ్డేమీ అంటలేదు. కానీ ఎంత బిగించినా పట్టు దొరకలేదు. తెల్ల గుడ్డ తడిపి ఒకసారి తుడిస్తే దాని మీద బూడిద రంగు చార, ఆ చార చుట్టూ ఎంతకీ ఆరని తడిలాంటి మరక.

ఉగాది దగ్గరపడుతోందంటే లెదర్ సీట్లున్నవారికి దిగులు మొదలవుతుంది. రామగుండం, విజయవాడ లాంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. అద్దాలు మూసి ఆ ఎండలో నిలిపిన కారు లోపల గాలి 60 డిగ్రీలు దాటుతుంది, నేరుగా ఎండ పడే డ్యాష్‌బోర్డు అంతకన్నా కాలుతుంది. లెదర్ పగిలిపోతుందేమోనన్న భయం న్యాయమైనదే. ఆ భయంతో చేతికందిన ప్రతిదీ పూయడం దగ్గరే అనర్థం మొదలవుతుంది. నీడలో నిలపాలని, ముందు అద్దానికి అట్ట పెట్టాలని అందరికీ తెలుసు, వాటి గురించి చెప్పను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మెరుపు కోసం లెదర్‌కు ఏదీ రాయకండి. స్టీరింగ్‌కు అసలే రాయకండి.

కొత్త లెదర్ మెరవదు

నమ్మకం కుదరకపోతే షోరూముకు వెళ్లి కొత్త కారు స్టీరింగ్‌ను చూడండి. వెలుగు దాని మీద పడి ఆగిపోతుంది, తిరిగి కంటికి కొట్టదు. వాడగా వాడగా చక్రం పైభాగం, డ్రైవరు సీటు అంచు, తల ఆనే చోటు నిగనిగలాడడం మొదలవుతుంది. చేతుల చెమట, తలనూనె, దుమ్ము కలిసి పేరుకున్న పొర అది. దాన్ని తుడిచి తీయవలసిందిపోయి, దాని మీదే ఇంకో మెరుపు పొర వేయిస్తున్నాం.

మెరుపునిచ్చే స్ప్రేలలో చాలావాటికి ఆధారం సిలికోన్ నూనె. అది లోపలికి ఇంకదు, ఎండకు ఆవిరైపోదు, పలచని పొరగా పైనే నిలుస్తుంది. వేసవిలో అరచేతులకు చెమట పడుతుంది. చెమట, సిలికోన్ కలిసినప్పుడు చక్రం మీద చేతికి పట్టు ఉండదు. సీటుకు కొట్టినా ముప్పే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకు జారతాడు, పిల్లల సీటు పెడితే అదీ జారుతుంది. డ్యాష్‌బోర్డు మీద కొడితే దాని నీడ ముందు అద్దంలో ప్రతిఫలించి, మధ్యాహ్నం వేళ రోడ్డు సరిగా కనపడదు. నా పనిలో ఇంకో నష్టం కూడా చూస్తుంటాను. సిలికోన్ పట్టిన సీటు రేపు చిరిగితే, గీత పడితే, దానికి రంగు వేయడం గగనమైపోతుంది. వేసిన రంగు నిలవకుండా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

ముందు అది లెదరేనా?

మన రోడ్ల మీద తిరిగే కార్లలో "లెదర్ సీట్లు" అని మురిసిపోయేవాటిలో చాలావరకు రెగ్జిన్. అమ్మే పత్రంలో లెదరెట్ అని రాసి ఉంటే అది ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డే. సీటు అడుగున, కుట్టు విడిన అంచు దగ్గర వెనక వైపు చూడండి. నేత గుడ్డ కనిపిస్తే రెగ్జిన్, నూగులాంటి పీచు కనిపిస్తే తోలు. తోలు మెత్తగా ఉండడానికి రాసే లెదర్ కండిషనర్‌ను రెగ్జిన్‌కు పెట్టి ప్రయోజనం లేదు, అది తాగదు. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే దానికి చాలు.

నిజమైన తోలులోనూ రెండు రకాలు. సీటు మీద కనపడని మూల ఒక నీటి బొట్టు వేయండి. బొట్టు ముత్యంలా నిలిస్తే పైన పూత ఉన్న తోలు. కార్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. బొట్టు ఇంకి ఆ చోటు నల్లబడితే పూత లేని తోలు. అది ఖరీదైన కార్లలో వస్తుంది, దానికి కండిషనర్ నిజంగా అవసరం. పూత ఉన్నదానికి కండిషనర్ కన్నా శుభ్రతే ముఖ్యమని నా అభిప్రాయం. పూత మీద ఇసుక, దుమ్ము పేరుకుని కూర్చున్న ప్రతిసారీ రాసుకుంటే అరిగి పగుళ్లు వస్తాయి. నూనె తక్కువై పగిలిందని అనుకుంటాం గానీ, చాలాసార్లు దుమ్ము వల్ల పగిలినదే.

ఆముదం, కొబ్బరినూనె

"మా తాత చెప్పులకు ఆముదం రాసేవాడు, ఏళ్ల తరబడి మెత్తగా ఉండేవి" అని పెద్దవాళ్లు చెబుతారు. నిజమే. అవి తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన, అంటే పదును చేసిన తోళ్లు. వాటికి పైపూత ఉండదు, నూనెను తాగుతాయి. కారు సీటు తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో తయారవుతుంది. మెత్తదనానికి కావలసిన నూనె తయారీలోనే పట్టించి, పైన పూత వేస్తారు. దాని మీద ఆముదం పోస్తే పోవడానికి దారి లేక పైనే ఉండిపోతుంది. దుమ్మును పట్టుకుంటుంది, తెల్లచొక్కాకు అంటుతుంది, కుట్ల సందుల్లోకి దిగి దారాన్ని నల్లగా చేస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ వేస్తే కుట్లలో తెల్లగా పేరుకుంటుంది, కారు ఎండలో నిలిపితే కరిగి పారుతుంది. పూత లేని తోలుకూ ఇవి వద్దు. రంగు ముదిరి మచ్చలు పడితే మళ్లీ తీయలేరు.

కొనేటప్పుడు

కండిషనర్ కొంటే నీటి ఆధారంగా తయారైనది, మెరుపు లేని ముగింపు ఇచ్చేది, జిడ్డు వదలనిది కొనండి. సీసా మీద "అద్దంలాంటి మెరుపు" అనో, "లెదర్, ప్లాస్టిక్, టైరు అన్నిటికీ ఒకటే" అనో ఉంటే అక్కడే పెట్టేయండి. టైరుకు సరిపడేది మనిషి కూర్చునే సీటుకు సరిపడదు. అన్నిటికన్నా ముందు కారుతో ఇచ్చిన పుస్తకంలో లోపలి శుభ్రత గురించి ఏం రాశారో చదవండి. నూటికి తొంభై మంది ఆ పేజీ తెరవరు.

రాసే పద్ధతిలో పెద్ద విద్య లేదు. వాక్యూమ్‌తో కుట్ల సందుల్లో ఇసుక తీసి, లెదర్ క్లీనర్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. సీటు కింది భాగంలో రూపాయి బిళ్లంత మేర కండిషనర్ రాసి ఒక రోజు ఆగాలి. రంగు మారకపోతే, తెల్ల గుడ్డకు రంగు దిగకపోతే ముందుకు వెళ్లాలి. కండిషనర్‌ను గుడ్డ మీద వేసుకోవాలి, సీటు మీద కాదు. పలచగా రాసి పది నిమిషాల తరవాత పొడి గుడ్డతో మిగిలినదంతా తుడిచేయాలి. తుడవకుండా "బాగా పీల్చుకుంటుందిలే" అని వదిలేసిన కారే మళ్లీ బంకబంకగా నా దగ్గరికి వస్తుంది.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

- స్టీరింగ్‌కు కండిషనర్ వద్దు. లెదర్ చుట్టినదైనా సరే వద్దు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి.
- గేరు రాడ్‌కు, చేతి బ్రేకుకు అంతే.
- పెడళ్లకు ఏ పాలిష్ తగలకూడదు. కాలి కింది రబ్బరు మ్యాట్లకూ తగలకూడదు. మడమ జారితే బ్రేకు అందదు.
- కారు వాషింగ్‌కు ఇచ్చేటప్పుడే నోరు తెరిచి చెప్పండి: "లోపల పాలిష్ కొట్టవద్దు." ఉచితంగా కొడతామన్నా వద్దనండి.
- ఇప్పటికే కొట్టేసి ఉంటే లెదర్ క్లీనర్‌తో తుడవండి. ఒకసారికి పోదు. పొడి టిష్యూ కాగితం చక్రం మీద లాగితే జారకుండా పట్టేదాకా తుడుస్తూనే ఉండండి. పెడళ్లను సబ్బు నీళ్లతో, బ్రష్‌తో రుద్ది కడిగి ఆరనివ్వండి.
- ఆ జిడ్డు తీయడానికి పెట్రోలు, థిన్నరు వాడకండి. పూత ఊడి వస్తుంది, మూసిన కారులో నిప్పు ప్రమాదం కూడా.
- చేతులకు రాసుకునే శానిటైజర్‌తో సీట్లు తుడవకండి. అందులోని ఆల్కహాలు పూతను తినేస్తుంది.
- బట్టల సోడా, అంట్ల సబ్బు, ఒంటి సబ్బు వద్దు. తోలు స్వభావం కొంచెం పులుపు వైపు ఉంటుంది, క్షారం దానికి పడదు.
- బూట్ల పాలిష్ వద్దు. రంగు బట్టలకు దిగుతుంది.
- చిల్లులున్న సీట్లకు, అందులోనూ గాలి వీచే సీట్లకు ఏ ద్రవమూ నేరుగా పోయకండి, స్ప్రే చేయకండి. చిల్లుల్లోంచి ఫోములోకి, ఫ్యానులోకి దిగుతుంది.
- ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అన్న చీటీ ఉంటే ఆ కుట్టు జోలికి వెళ్లకండి. ప్రమాదంలో అది తెగి బ్యాగు బయటికి రావాలి. దాన్ని జిగురుతో అతికించకండి, మామూలు సీటు కవరుతో కప్పేయకండి.
- ఎండలో కాలిపోతున్న సీటుకు కండిషనర్ రాయకండి. నీడలో చల్లబడాక రాయండి.
- రాసిన వెంటనే అద్దాలు మూసి కారును వదిలేయకండి. తీరప్రాంత జిల్లాల్లో ఆ తేమకు బూజు పడుతుంది.
- నెలనెలా రాయకండి. పూత ఉన్న తోలుకు ఏడాదిలో మూడు నాలుగు సార్లకు మించి అక్కరలేదు.
- మళ్లీ చెబుతున్నాను, స్టీరింగ్‌కు ఏమీ రాయకండి. "కొంచెమే రాశాను" అన్నవారి చెయ్యి కూడా జారుతుంది.
- స్ప్రే డబ్బాను డిక్కీలో గానీ, తలుపు అరలో గానీ వదలకండి. 50 డిగ్రీలకు మించి వేడి తగలనివ్వవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మే నెలలో మూసిన కారు దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఇంట్లో చల్లని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి.