నెల్లూరు డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందు

మా ఆయనకు పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే జబ్బు), ఇప్పుడు మతిమరుపు కూడా తోడైంది. కావలి నుంచి నెల్లూరుకు కారులో గంట దాకా పడుతుంది. ఇంట్లోంచి కదిలే ముందు నేను చూసుకునేవి ఇవి.

– పార్కిన్సన్స్‌కు వేసే లెవోడోపా మాత్ర వేళ తప్పనివ్వను. టిఫినుకు అరగంట ముందే వేస్తాను. గుడ్డు, పప్పు, పాలలో ఉండే మాంసకృత్తులు ఆ మందును సరిగా ఒంటబట్టనివ్వవు. మాత్ర బాగా పనిచేసే వేళకే కారెక్కించాలి. దారిలో వేయాల్సిన మాత్ర నా చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు.

– మంచం మీంచి లేవగానే నడిపించొద్దు. కాసేపు కూర్చోనివ్వండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండి. "ఒకటి, రెండు" అని లెక్కపెడితే మా ఆయన అడుగేస్తారు.

– కారు సీట్లో మొదట కూర్చోబెట్టి, ఆ తర్వాతే కాళ్లు లోపలికి తిప్పాలి.

– జేబులో పేరు, నా ఫోను నంబరు రాసిన చీటీ.

– డాక్టర్లు రాసిచ్చిన పాత మందుల చీటీలన్నీ. ఏ డాక్టరైనా సరే, పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి. ఆవేశానికిచ్చే హాలోపెరిడాల్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ మందులు ఒళ్లు బిగుసుకుపోవడాన్ని పెంచుతాయి.

– ప్రయాణం సంగతి ముందురోజే చెప్పొద్దు. నేనొకసారి చెప్పి, ఆయన "బండొచ్చిందా?" అంటుంటే తెల్లారేదాకా కూర్చున్నా.

– వెనక సీట్లో ఎవరూ లేకున్నా, ఎవరో పిల్లోడున్నాడని ఆయన అంటే వాదించను. "జరగమంటాలే, మీరెక్కండి" అంటాను.