డిజైన్ ప్రోగ్రామును బ్రౌజరులోకి మార్చే ముందు: డీటీపీ దుకాణాలకు కొన్ని జాగ్రత్తలు

అమలాపురం, తణుకు, భీమవరం వంటి ఊళ్లలో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ దుకాణాలకు ఆషాఢం కాస్త తీరిక దొరికే నెల. ఏళ్ల తరబడి ఒకే కంప్యూటరుకు కట్టుబడిన డిజైన్ ప్రోగ్రామును బ్రౌజరులోకి తేదలచినవారు ఆ నెలలోనే పూనుకొని, శ్రావణ ముహూర్తాల లోపల ముగించుకోవడం మేలు. ఇది సాధ్యమేనా అన్న సందేహం ఇప్పుడు అక్కరలేదు. దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ఆటోకాడ్ (ఇళ్లు, యంత్రాల నమూనాలు గీసే ప్రోగ్రాము) కోడునే 2018లో వెబ్ అసెంబ్లీ (ఇతర భాషల్లో రాసిన కోడును బ్రౌజరులో నడిపే పద్ధతి) సాయంతో బ్రౌజరులో నడిపించారు. తెరమీద గీత గీయించడం సులువే, గీసినది పోకుండా కాపాడటమే కష్టం.

నేను తయారుచేసిన మొదటి ప్రోగ్రాములో ఈ సంగతిని తేలికగా తీసుకున్నాను. దుకాణంలో డిజైన్ చేసే కుర్రవాడు మధ్యాహ్నం వరకు కూర్చిన పత్రికపై పాత అలవాటు కొద్దీ కంట్రోల్, డబ్ల్యూ మీటలు కలిపి నొక్కాడు. పాత డిజైన్ ప్రోగ్రాము కోరెల్‌డ్రాలో ఆ మీటలు తెరపై బొమ్మను మళ్లీ గీసి చూపిస్తాయి, బ్రౌజరులో ట్యాబునే మూసేస్తాయి. మూసేముందు అడిగే హెచ్చరిక పెట్టుకోవచ్చు గాని ఫోనులో దానిని నమ్మరాదు. కాబట్టి మౌస్ వదిలిన ప్రతిసారీ మార్పు ఇండెక్స్‌డ్ డీబీలో, అంటే బ్రౌజరు తనలో దాచుకునే పెద్ద ఖజానాలో, పడేలా చూడాలి. బ్రౌజరులోనే ఉండే చిన్నపాటి లోకల్ స్టోరేజి బొమ్మలకు చాలదు. అలా దాచినదీ శాశ్వతం కాదు: సైటును తాకకుండా ఆపిల్ బ్రౌజరు సఫారీని ఏడు రోజులు వాడితే అది చెరిగిపోవచ్చు. రోజు ముగిసేసరికి ఒక ప్రతి మామూలు ఫైలుగా కంప్యూటరులోకి దిగాలి. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేశాక లంకల్లో కరెంటు, నెట్టు ఉంటాయని లెక్కవేయలేము గనుక, ప్రోగ్రాము నెట్టు లేకుండా తెరుచుకునేలా, దాని ఫైళ్లను బ్రౌజరులో దాచి అందించే సర్వీస్ వర్కర్‌ను ముందే అమర్చాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ తెలుగు అక్షరాలకు కావాలి. మన దుకాణాల పాత ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు, ఆంగ్ల అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలను కూర్చినవి. బ్రౌజరులోకి అలాగే తెస్తే వధూవరుల పేర్లు అర్థంలేని ఆంగ్లపు గీతలవుతాయి. మార్పిడి సాధనం వాడినా, ఒత్తులను, ఇంటిపేర్లను మనిషి కంటితో చదవవలసిందే. పత్రిక పైన అర్ధచంద్రాకారంలో వేసే ‘శ్రీరస్తు’ మరో చిక్కు. కంప్యూటరు లెక్కలో ‘శ్రీ’ నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. వంపు వెంట ఒక్కొక్క గుర్తునూ విడివిడిగా నిలబెట్టే కోడు, ఆంగ్లంలో చక్కగా పనిచేసినా, ఇక్కడ అక్షరాన్ని చీల్చేస్తుంది. ‘స్త్రీ’, ‘క్ష్మి’ వంటివాటితో ముందే పరీక్షించండి. ఇంకొకటి, కాన్వాస్ (బ్రౌజరులో బొమ్మలు గీసే పలక) ఫాంటు కోసం ఆగదు. ఫాంటు దిగకముందే రాయిస్తే వేరే అక్షరాలతో వేసేసి ఊరుకుంటుంది, తరువాత దానంతటది దిద్దుకోదు.

కొలతల విషయం క్లుప్తంగా చెబుతాను. పది అడుగుల ఫ్లెక్సీని తెరమీద నిజమైన పిక్సెళ్లలో గీయబోతే, 4,096 గుణించు 4,096 పిక్సెళ్లు దాటిన కాన్వాస్‌ను పలు ఐఫోన్లు ఖాళీగా చూపుతాయి. ఆకారాలను లెక్కలుగా దాచుకొని, ముద్రణకు మాత్రం పీడీఎఫ్‌గా తీయడం క్షేమం. బ్రౌజరు కాన్వాస్‌లో రంగులు ఆర్‌జీబీవే (తెర వెలుగుల ఎరుపు, ఆకుపచ్చ, నీలం), ప్రెస్సుకు కావలసినది సీఎమ్‌వైకే (నాలుగు సిరాల కలయిక). తెరపై మెరిసే పసుపుపచ్చను, పారాణి ఎరుపును చూపించి ఖాతాదారుడికి మాట ఇవ్వకుండా, ఒక నమూనా అచ్చు తీసి చూపించండి. వేరే సైటు నుంచి దేవుడి బొమ్మను ఆ సైటు సర్వరు అనుమతి లేకుండా నేరుగా కాన్వాస్‌లోకి తెస్తే, గీస్తున్నంతసేపూ ఏ తేడా కనబడదు, ఫైలుగా దించేటప్పుడు బ్రౌజరు నిరాకరిస్తుంది.

పాత కంప్యూటరును, అందులోని ఫాంట్లతో సహా, శ్రావణం పత్రికలు అచ్చయి చేతికందే వరకు బల్ల మీద నుంచి కదపవద్దు.