దేశీయ విమానాల్లో బిజినెస్ క్లాస్ భోజనం: ఏం ఆశించాలి, ఎలా సిద్ధం కావాలి?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల వారికి విమాన ప్రయాణమంటే శంషాబాద్ ప్రయాణమే. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినా, అక్కడి నుంచి విమానం ఎగిరే రోజు వచ్చేదాకా మనం తెల్లవారుజామున ఇల్లు వదిలి, జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కవలసిందే. పది గంటల విమానం అందుకోవాలంటే ఐదింటికే బయల్దేరాలి. విమానంలో ట్రే మన ముందుకు వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. అంటే ఇంట్లో చాయ్ తాగిన తర్వాత ఐదున్నర గంటలకు మొదటి ముద్ద నోట్లోకి వెళ్తుంది.

మా బాపును చికిత్స కోసం ఢిల్లీ తీసుకెళ్లినప్పుడు, ఆయన మోకాళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకుని బిజినెస్ క్లాస్ టికెట్లు తీసుకున్నాం. అంత డబ్బు పెట్టాం కాబట్టి కడుపునిండా భోజనం పెడతారనే నమ్మకంతో దారిలో ఎక్కడా ఆగలేదు. ట్రే వచ్చింది. అందులో పండ్ల ముక్కలు, పెరుగు గిన్నె, బన్ను, వెన్న, రేకు మూత కింద ఆమ్లెట్ ఉన్నాయి. బాపు ట్రే వైపు చూసి, "అన్నం పెట్టరా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. అది ఉదయం విమానం కాబట్టి టిఫిన్ మాత్రమే ఇస్తారని నాకు ముందుగా తెలిసి ఉంటే ఆయనకు చెప్పి ఉండేవాణ్ని, దారిలో నాలుగు ఇడ్లీలైనా తినిపించి ఉండేవాణ్ని. మరో కుటుంబానికి ఆ పరిస్థితి రాకూడదనే ఈ వివరాలు రాస్తున్నాను.

మొదటి అడుగు: టికెట్ ఏ క్యాబిన్‌దో సరిగా చూసుకోండి

'ప్రీమియం' అనే మాట ఒకటే అయినా దాని కింద వడ్డించే తిండి ఒకటి కాదు. ఎయిర్ ఇండియా మూడు తరగతుల ఎ320 నియో విమానాల్లో ముందు 8 బిజినెస్ సీట్లు, వాటి వెనుక 24 ప్రీమియం ఎకానమీ సీట్లు, ఆ తర్వాత 132 ఎకానమీ సీట్లు ఉంటాయి. బిజినెస్‌లో పింగాణీ పాత్రల్లో, స్టీలు చెంచాలతో, గుడ్డ న్యాప్‌కిన్ పరిచి వడ్డిస్తారు. ఎకానమీలో కూడా ఆ సంస్థ ఉచితంగానే భోజనం పెడుతుంది. కనుక బిజినెస్‌లో అదనంగా దక్కేది ప్రధానంగా ఎంపిక, వడ్డన, తీరిక అని అర్థం చేసుకోవాలి. ఇండిగో 2024 నవంబరులో ఢిల్లీ–ముంబై మార్గంలో మొదలుపెట్టిన 'స్ట్రెచ్' అనే బిజినెస్ తరహా సీట్ల పద్ధతి వేరు. అక్కడ ఒబెరాయ్ హోటళ్ల సంస్థ వారు తయారు చేసిన శాకాహార పెట్టెను అందిస్తారు. మాంసాహారం ఆశించి ఆ సీటు కొన్నవారు ముందుగానే ఈ సంగతి గమనించాలి. ఒకప్పుడు భోజనానికి మంచి పేరున్న విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది కాబట్టి, పాత అనుభవాలు విని ఆ పేరు కోసం వెతకనవసరం లేదు.

దేశీయ విమానాల్లో ఏ తరగతిలోనూ మద్యం ఇవ్వరు. స్వాగత పానీయంగా ఇచ్చేది పండ్ల రసమో, మజ్జిగో, నిమ్మరసమో అయి ఉంటుంది.

రెండో అడుగు: గడియారం చూసి భోజనాన్ని అంచనా వేయండి

ట్రేలో ఏముంటుందో నిర్ణయించేది టికెట్ ధర కన్నా ఎక్కువగా బయల్దేరే వేళ, ప్రయాణ వ్యవధి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండుంపావు గంటలు, ముంబైకి గంటన్నర, బెంగళూరు, చెన్నై నగరాలకు గంటాపావు పడుతుందనుకుందాం. విమానం పైకి లేచి సీటు బెల్టు దీపం ఆరేదాకా వడ్డన మొదలు కాదు. దిగడానికి అరగంట ముందే ట్రేలన్నీ తీసేసి, బల్లలు మూసేస్తారు. ఈ రెండు కోతలూ పోగా ఢిల్లీ దారిలో నింపాదిగా తినడానికి గంటకు పైగా మిగులుతుంది. బెంగళూరు దారిలో అరగంట మిగిలితే గొప్ప. అందువల్ల బెంగళూరు, చెన్నై విమానాల్లో అల్పాహారమో చిన్న భోజనమో ఒకే ట్రేలో ఒకేసారి వస్తుందని, వరుసగా ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే పెద్ద భోజనం ఉండదని ముందే అనుకుని బయల్దేరడం మంచిది.

ఉదయం విమానాల్లో ఆమ్లెట్, దానితో పాటు బంగాళాదుంప, కోడిమాంసం సాసేజ్ వంటివి ఒక ఎంపికగా, ఇడ్లీ, ఉప్మా, ఊతప్పం, పరాఠా వంటివి మరో ఎంపికగా ఉంటాయి. అన్నం దొరికేది మధ్యాహ్నం, రాత్రి విమానాల్లోనే. అప్పుడైనా పప్పు, పనీరు కూర లేదా కోడికూర, కాస్త పులావు, పెరుగు, ఒక మిఠాయి ఉంటాయి. కూర రుచి ఉత్తరాది వంటకు దగ్గరగా ఉండే అవకాశమే ఎక్కువ. అన్నం గిన్నె మన ఇంటి గరిటెతో రెండు గరిటెలకు మించదు. బాగా తినే అలవాటున్న వారికి అది సరిపోదని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మూడో అడుగు: ప్రత్యేక భోజనం కావాలంటే ఒక రోజు ముందే అడగండి

చక్కెర వ్యాధి, ఉపవాస నియమాలు, ఉల్లి వెల్లుల్లి తినకపోవడం వంటివి ఉన్నవారు ఈ అడుగును ఎట్టి పరిస్థితుల్లోనూ దాటవేయకూడదు. సంస్థ వెబ్‌సైట్‌లో మేనేజ్ బుకింగ్ అనే చోట పీఎన్ఆర్, ఇంటిపేరు ఇచ్చి లోపలికి వెళ్తే భోజనం ఎంచుకునే వీలుంటుంది. బయల్దేరడానికి కనీసం 24 గంటల ముందే ఈ పని పూర్తి చేయాలి. ఎందుకంటే ప్రత్యేక భోజనాన్ని ఆ ఒక్క ప్రయాణికుడి పేరు మీద విడిగా వండి, చీటీ అంటించి ఎక్కిస్తారు. విమానంలో కూర్చున్నాక అడిగితే సిబ్బంది ఎంత మంచివారైనా లేనిది తెచ్చి పెట్టలేరు.

అక్కడ కనిపించే నాలుగక్షరాల సంకేతాల్లో మన కుటుంబాలు తరచుగా పొరబడేవి కొన్ని ఉన్నాయి. ఏవీఎంఎల్ అంటే భారతీయ పద్ధతిలో మసాలాతో వండిన శాకాహారం. మన శాకాహారులకు సరిపడేది ఇదే. వీజీఎంఎల్ అన్నది పాలు, పెరుగు, నెయ్యి కూడా లేని పూర్తి శాకాహారం. పేరు చూసి దాన్ని ఎంచుకున్న పెద్దలు పెరుగు లేని ట్రే చూసి నిరాశపడతారు. వీఎల్ఎంఎల్‌లో పాల పదార్థాలతో పాటు గుడ్డు కూడా ఉండవచ్చు. కనుక గుడ్డు ముట్టని ఇళ్లలో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. వీజేఎంఎల్ జైన భోజనం. అందులో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఉండవు కాబట్టి, జైనులు కాకపోయినా కార్తీక మాసంలో ఉల్లి మానేసేవారికి అది చక్కగా పనికొస్తుంది. డీబీఎంఎల్ చక్కెర వ్యాధి ఉన్నవారిది.

ప్రత్యేక భోజనం కోరినవారికి ఆ రోజు మెనూలోని మిగతా వంటకాల్లో ఎంపిక ఉండదు. పక్క సీటులో బిర్యానీ కనబడినా మనకు వచ్చింది మనం తినాలి. ఇంకో ముఖ్య విషయం ఏమిటంటే, విమానం వేళ మారినా, మనల్ని మరో విమానంలోకి మార్చినా, మనం పెట్టుకున్న భోజనం కోరిక కొత్త బుకింగ్‌లోకి రాకపోవచ్చు. మార్పు సందేశం ఫోనుకు రాగానే మళ్లీ లోపలికి వెళ్లి చూసుకోవాలి.

నాలుగో అడుగు: ఇంటి దగ్గర, దారిలో ఏం తినాలి

ఐదింటికి బయల్దేరితే జనగామ, భువనగిరి మధ్య ఎక్కడో ఒకచోట తేలికగా టిఫిన్ చేయండి. ఇడ్లీ, ఉప్మా సరిపోతాయి. పూరీలు, మిర్చి బజ్జీలు, ఎక్కువ పప్పు వద్దని చెప్పడానికి కారణం ఉంది. ఎగిరే విమానం లోపలి గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతగా తగ్గుతుంది. పీడనం తగ్గితే కడుపులోని వాయువు వ్యాకోచిస్తుంది. నేలమీద మామూలుగా అరిగే తిండి అక్కడ కడుపు ఉబ్బరంగా మారుతుంది. సోడా, కూల్‌డ్రింకుల వల్ల కూడా ఇదే ఇబ్బంది.

చాలా బిజినెస్ టికెట్లకు లౌంజ్ (విమానాశ్రయంలో కూర్చోవడానికి, తినడానికి ఉండే ప్రత్యేక గది) ప్రవేశం కలిసి ఉంటుంది. మీ టికెట్‌లో ఉందో లేదో ముందుగా చూసుకోండి. ఉంటే గంటంబావు ప్రయాణాలకు అసలు భోజనం అక్కడే కానిచ్చి, విమానంలో చాయ్, పండ్లతో సరిపెట్టుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. చేతి సంచిలో నాలుగు సకినాలు పెట్టుకోవడం మరవకండి. పొడిగా ఉంటాయి, వాసన రాదు, పక్కవారికి ఇబ్బంది కాదు, వడ్డన ఆలస్యమైనప్పుడు ఆదుకుంటాయి.

ఐదో అడుగు: పైన దొరికే వాటిలో ఏది ఎంచుకోవాలి

విమానంలో ఎవరూ వండరు. నేల మీది వంటశాలలో వండి, వెంటనే 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువకు చల్లబరిచి, ట్రాలీల్లో ఎక్కిస్తారు. గాలిలో సిబ్బంది చేసేది వాటిని ఓవెన్‌లో వేడి చేసి వడ్డించడం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎంపిక సులువవుతుంది. రెండోసారి వేడి చేసినా చెడనివి పులుసున్న కూరలు, పప్పు, ఉప్మా, పొంగలి, ఇడ్లీ. దోసె, వడ, కట్లెట్ వంటివి కరకరలాడే గుణం పోగొట్టుకుని మెత్తబడతాయి. ఆమ్లెట్ కాస్త రబ్బరులా సాగుతుంది. వేపుడు కన్నా ఇగురు, ఇగురు కన్నా పులుసు మంచి స్థితిలో చేరతాయని నేను గమనించాను.

రుచి చప్పగా అనిపిస్తే తప్పంతా వంటవాడిది కాదు. క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువగా ఉండి ముక్కు, నోరు ఎండిపోతాయి. వాసన తెలియకపోతే రుచీ తెలియదు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు విమానం లోపలి పరిస్థితిని నేల మీదే సృష్టించి పరీక్షించినప్పుడు, ఉప్పు రుచి 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలిసినట్లు తేలింది. పులుపు అంతగా తగ్గదు. టమాటా, చింతపండు, అల్లం ఉన్న వంటకం ఎంచుకుంటే మన నోటికి ఏదో తిన్నట్లుంటుంది. ట్రేలో పచ్చడి పొట్లం ఉంటే దాన్ని చివరిదాకా దాచకుండా మొదటి ముద్దకే విప్పండి. తినే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగితే నోరు తడిసి రుచి మెరుగ్గా తెలుస్తుంది.

బల్ల ముందు సీటు వీపుకు కాక, చేయి ఆనించే పెట్టె లోపల మడిచి ఉంటుంది. మూత ఎత్తి, పైకి లాగి, అడ్డంగా తిప్పితే తెరుచుకుంటుంది. పెద్దవారు దీని కోసం వెతుక్కుంటారు కాబట్టి వెంట ఉన్నవారు ముందే తెరిచి పెట్టాలి. రేకు మూత గిన్నె చాలా వేడిగా వస్తుంది. అంచును చెంచాతో ఎత్తి, ఆవిరి పోనిచ్చి, తర్వాత మూత తీయాలి. కత్తి, ఫోర్కు అలవాటు లేకపోతే చేత్తో తినడంలో తప్పేమీ లేదు. చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాలు ఇస్తారు, అడిగితే మరొకటి కూడా తెస్తారు.

ఎనిమిది సీట్లే ఉన్న క్యాబిన్‌లో కూడా ప్రతి వంటకం ఎనిమిది ఎక్కించరు. ముందు వరుస నుంచి అడుగుతూ వస్తే రెండో వరుసకు వచ్చేసరికి ఒకటి అయిపోవచ్చు. విమానం ఎక్కి కూర్చోగానే, "మా నాన్నగారు గుడ్డు తినరు, శాకాహారం ఒకటి పక్కన పెట్టండి" అని మర్యాదగా చెప్పుకుంటే సాధారణంగా గుర్తు పెట్టుకుంటారు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా

ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. ఆ తర్వాతి ప్రయాణంలో ట్రాలీ కదిలిన చప్పుడు విని, భోజనం వచ్చేసినట్లేనని మా బాపు ఇన్సులిన్ తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో విమానం కుదుపులకు లోనైంది, సీటు బెల్టు దీపం వెలిగింది, సిబ్బంది ట్రాలీని వెనక్కి లాక్కెళ్లి కూర్చున్నారు. అలాంటప్పుడు వారు లేవకూడదు, అది భద్రతా నియమం. వడ్డన మళ్లీ మొదలయ్యేసరికి అరగంట పట్టింది. ఆలోపు ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలైంది. నా జేబులో ఉన్న గ్లూకోజ్ బిళ్లలు, పక్క సీటు ఆయన ఇచ్చిన పండ్లరసం ఆ పూట కాపాడాయి. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు ట్రే బల్ల మీదికి వచ్చి, మూత తెరిచి, తినడానికి సరిపడా ఉందని చూసుకున్నాకే తీసుకునేలా ప్రయాణానికి ముందే తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. గ్లూకోజ్, బిస్కెట్లు పైన పెట్టిన సంచిలో కాదు, జేబులో ఉండాలి.

విమానం ఆలస్యమైతే

పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, రెండున్నర గంటల లోపు వ్యవధి ఉన్న విమానం రెండు గంటలు లేదా అంతకు మించి ఆలస్యమవుతుంటే, సమయానికి చెక్ఇన్ అయిన ప్రయాణికులకు సంస్థ భోజనం, అల్పాహారం ఇవ్వాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ముంబై, బెంగళూరు, చెన్నై అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇది బిజినెస్ వారికే కాదు, అందరికీ వర్తించే హక్కు. కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పటి లెక్క వచ్చేటప్పుడు తలకిందులవుతుంది. రాత్రి తొమ్మిదింటికి శంషాబాద్‌లో దిగితే, సామాను తీసుకుని బయటపడి, హనుమకొండ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఘట్‌కేసర్ దాటాక ఆ వేళలో పెద్దవాళ్లకు సరిపడే తిండి దొరకడం కష్టం. అందుచేత ఆ విమానంలో ఇచ్చే భోజనాన్నే రాత్రి భోజనంగా భావించి, ఆకలి అంతగా లేకపోయినా అన్నం, పెరుగు తినిపించండి. బన్ను, కూర ఏదైనా మిగిలితే సంచిలో వేసుకోకండి. ఒకసారి చల్లార్చి మళ్లీ వేడి చేసిన తిండి మూడు గంటల కారు ప్రయాణం తర్వాత తినదగినది కాదు. సీలు తీయని బిస్కెట్ పొట్లం, నీళ్ల సీసా మాత్రం నిరభ్యంతరంగా వెంట తెచ్చుకోవచ్చు.